రాని ఇంజన్ కోసం కట్టిన విమానం: గ్లాస్టర్ నాట్‌స్నాపర్

(ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడబోయేది గ్లాస్టర్ నాట్‌స్నాపర్ అనే విమానం గురించి. బ్రిటిష్ విమానవాహక నౌకల మీద నుంచి ఎగరడానికి ఉద్దేశించిన ఒంటి పైలట్ ఫైటర్ అది; పైన ఒక రెక్క, కింద ఒక రెక్క ఉన్న బైప్లేన్. 1928 ఫిబ్రవరిలో మొదటిసారి గాలిలోకి లేచింది. రెండే రెండు నమూనాలు తయారయ్యాయి. ఏ స్క్వాడ్రన్‌లోనూ అది చేరలేదు, ఏ యుద్ధంలోనూ తుపాకీ పేల్చలేదు, 1934 నాటికి దాని కథ ముగిసిపోయింది. ఇంత చిన్న కథకు ఒక సాయంత్రం ఎందుకని మీరు అడగవచ్చు. ఈ విమానానికి పట్టిన గతి దాని రెక్కల్లో కన్నా, దాని ముక్కుకు బిగించవలసిన ఇంజన్‌లో ఎక్కువగా ఉంది. ఆ ఇంజన్ దాదాపు పదేళ్లు ఆలస్యంగా, అదే రూపశిల్పి గీసిన మరో నౌకాదళ ఫైటర్‌లో కూర్చొని యుద్ధానికి వెళ్లింది. ఈ రెండు కొసల మధ్య జరిగిన సంగతులను వరుసగా చెప్పుకుంటే, ఒక ప్రభుత్వం తనకు కావలసిన యుద్ధవిమానాన్ని ఎలా నిర్ణయించుకుంటుందో, ఆ నిర్ణయంలో పొరపాటు ఎక్కడ దొర్లుతుందో చూడగలుగుతాం. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందుగా ఆ కాలాన్ని పరిచయం చేయాలి. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల నిర్మాణానికి పగ్గాలు వేసింది. బ్రిటన్‌కు విమానవాహక నౌకలు ఒక్కొక్కటిగా సమకూరుతున్న కాలం అది. ఆర్గస్ 1918లోనే వచ్చింది. ఈగిల్, హెర్మెస్ 1924లో సేవలో చేరాయి. ఫ్యూరియస్ 1925లో కొత్త డెక్‌తో తిరిగి వచ్చింది. కరేజియస్ 1928లో, గ్లోరియస్ 1930లో వచ్చాయి. నౌకలు అడ్మిరాల్టీవి, అంటే నౌకాదళ శాఖవి; వాటి మీది విమానాలు మాత్రం రాయల్ ఎయిర్ ఫోర్స్‌వి. 1924 ఏప్రిల్‌లో ఏర్పడిన ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ వాయుసేనలో భాగంగానే పుట్టింది. 1939 మే నెలలో గాని అది పూర్తిగా నౌకాదళం చేతికి రాలేదు. కాబట్టి నౌకాదళానికి ఎలాంటి ఫైటర్ కావాలో స్పెసిఫికేషన్ రాసి కంపెనీలకు పంపే పని ఎయిర్ మినిస్ట్రీది. వాడుకునేది ఒక శాఖ, కోరికల పట్టీ రాసేది మరొక శాఖ. ఈ ఏర్పాటు వల్ల ఎంత నష్టం జరిగిందన్న విషయంలో చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాట్‌స్నాపర్ మట్టుకు ఆ పట్టీలో రాసిన ఇంజన్ పేరే దానికి ప్రాణసంకటమైంది.

విమానవాహక నౌక మీద దిగడమంటే ఏమిటో కూడా ఒక్క క్షణం ఊహించుకోవాలి. 1920ల మొదట్లో బ్రిటిష్ నౌకల డెక్‌ల మీద పొడవునా తీగలు కట్టేవారు; దిగిన విమానం పక్కకు జారిపోకుండా అవి పట్టి ఉంచాలని ఉద్దేశం. అవి చేసిన మేలు కన్నా విరగ్గొట్టిన విమానాలే ఎక్కువ కావడంతో ఆ దశకం నడుమ వాటిని తీసేశారు. ఈనాడు మనం చూసే అడ్డుతీగలు బ్రిటిష్ డెక్‌ల మీదికి 1930ల తొలి సంవత్సరాలలో గాని రాలేదు. అంటే నాట్‌స్నాపర్‌ను గీస్తున్న రోజుల్లో విమానాన్ని పట్టి ఆపే సాధనం డెక్ మీద ఏదీ లేదు. నౌక గాలికి ఎదురుగా వేగంగా సాగుతుంది, విమానం వీలైనంత నెమ్మదిగా వచ్చి దిగి తనంతట తాను ఆగుతుంది. నెమ్మదిగా దిగాలంటే బరువుకు తగినంత రెక్క వైశాల్యం ఉండాలి. ఓడలోని లిఫ్టులో పట్టాలంటే ఆ రెక్క మరీ పొడవుగా ఉండకూడదు. ఈ రెండు షరతులూ కలిస్తే, రెక్కను రెండుగా విడదీసి ఒకదాని మీద ఒకటి పెట్టడమే ఆనాటి ఇంజనీరుకు సహజంగా తోచే దారి. దానితోపాటు పైలట్‌కు ముందువైపు, కిందివైపు చూపు బాగుండాలి. చక్రాల కాళ్లు గట్టి దెబ్బకు తట్టుకోవాలి. అవసరమైతే చక్రాలు తీసి పడవల్లాంటి ఫ్లోట్లు తొడగగలగాలి. భూమి మీద నుంచి ఎగిరే ఫైటర్‌కు ఈ బరువులేవీ లేవు. నౌకాదళ ఫైటర్ ఎప్పుడూ కొంత వెనకబడి ఉండటానికి కారణం ఇదే.

1926 నాటికి ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ వాడుతున్న ఫైటర్ ఫెయిరీ ఫ్లైక్యాచర్. 1922 నవంబర్‌లో మొదట ఎగిరి, 1923లో సేవలో చేరింది. 400 అశ్వశక్తి గల ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ జాగ్వార్ ఇంజన్‌తో గంటకు 134 మైళ్ల దాకా వెళ్లేది. చూడటానికి అందమైన విమానం కాదు. కాళ్లు చాపి, తోక వంచి, ఎగరబోతున్న మిడతలా ఉంటుంది. అయినా దాన్ని నడిపిన పైలట్లు దానిని ప్రేమించినంతగా మరో విమానాన్ని ప్రేమించలేదంటే అతిశయోక్తి కాదు. నాలుగు రెక్కల వెనక అంచుల పొడవునా కిందికి వంగే పలకలు ఉండేవి. వాటిని దించితే చాలా తక్కువ దూరంలో లేచేది, చాలా నెమ్మదిగా దిగేది. ఫ్యూరియస్ లాంటి నౌకల్లో ప్రధాన డెక్ కింద, హాంగర్ ముందు చివర మరో చిన్న డెక్ ఉండేది. ఫ్లైక్యాచర్లు హాంగర్ లోపలి నుంచే పరుగు తీసి ఆ చిన్న డెక్ మీదుగా నేరుగా సముద్రం మీదికి ఎగిరిపోయేవి. ఇంతటి విధేయత గల విమానానికి వారసుణ్ని వెతకడం తేలిక కాదు. అయినా వెతకక తప్పలేదు, ఎందుకంటే 134 మైళ్ల వేగం 1926లోనే పాతబడిపోయింది.

అలా వచ్చినది ఎన్.21/26 అనే స్పెసిఫికేషన్. 1926వ సంవత్సరంలో 21వది, నౌకాదళానికి ఉద్దేశించినది అని దాని అర్థం. గ్లాస్టర్ కంపెనీ ప్రధాన రూపశిల్పి హెన్రీ ఫాలాండ్ దానికి జవాబుగా నాట్‌స్నాపర్‌ను గీశారు. ఫాలాండ్ సామాన్యుడు కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తయారుచేసిన మేటి ఫైటర్లలో ఒకటైన ఎస్.ఇ.5 రూపకల్పనలో ఆయనది ప్రధాన పాత్ర. 1921లో గ్లాస్టర్‌లో చేరి గ్రీబ్, గేమ్‌కాక్ అనే ఫైటర్లను ఇచ్చారు. మన దేశానికీ ఆయన పేరుకూ ఒక బంధం ఉంది. 1937లో ఆయన గ్లాస్టర్‌ను విడిచి ఫాలాండ్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే సంస్థను స్థాపించారు; 1950లలో ఆ సంస్థలో పెటర్ అనే మరో రూపశిల్పి గీసిన చిన్న జెట్ ఫైటర్ పేరు నాట్. బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన, 1965లోనూ 1971లోనూ మన వాయుసేన సేబర్ జెట్లకు ఎదురు నిలిపిన నాట్ అదే. ఆ నాట్‌ను ఫాలాండ్ గీయలేదు గాని, ఆయన పెట్టిన కంపెనీ లేకపోతే అది పుట్టేది కాదు.

ఇక నాట్‌స్నాపర్. లోహపు చట్రం మీద గుడ్డ కప్పిన విమానం. పై రెక్క పొడవు 33 అడుగుల పైచిలుకు. పైలట్ ముందు రెండు వికర్స్ మెషిన్‌గన్లు. ఆ కాలపు ఫైటర్లతో పోలిస్తే ఇందులో విప్లవాత్మకమైనదేదీ లేదు. ఉండాలని ఎవరూ కోరలేదు కూడా. కొత్తదనమంతా ఇంజన్‌లో రావలసి ఉంది. స్పెసిఫికేషన్ మొగ్గు చూపిన ఇంజన్ బ్రిస్టల్ కంపెనీ వారి మెర్క్యురీ.

ఈ మెర్క్యురీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కథకు నిజమైన నాయకుడు ఇదే. బ్రిస్టల్‌లో ఇంజన్ల విభాగానికి అధిపతి రాయ్ ఫెడెన్. ఆయన చేతుల మీదుగా జూపిటర్ అనే తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజన్ అప్పటికే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. రేడియల్ అంటే సిలిండర్లన్నీ మధ్య ఇరుసు చుట్టూ నక్షత్రం ఆకారంలో అమర్చినది. వాటిని చల్లబరచడానికి నీరు అక్కరలేదు, ఎదురుగాలే చాలు. ఓడ మీద వాడే విమానానికి ఇది గొప్ప సౌకర్యం: రేడియేటర్ లేదు, కారే గొట్టాలు లేవు, తూటా తగిలితే నీళ్లు పోయి ఇంజన్ ఆగే భయం లేదు. అయితే జూపిటర్ వెడల్పాటి ఇంజన్, దాని ముఖం గాలికి అడ్డుపడుతుంది. ఫెడెన్ జూపిటర్ సిలిండర్ వ్యాసాన్ని 5.75 అంగుళాలుగానే ఉంచి, పిస్టన్ కదిలే దూరాన్ని 7.5 అంగుళాల నుంచి 6.5 అంగుళాలకు తగ్గించారు. దానితో ఇంజన్ మొత్తం చుట్టుకొలత తగ్గింది, 28.7 లీటర్ల ఘనపరిమాణం 24.9 లీటర్లయింది. తగ్గిన పరిమాణాన్ని ఎక్కువ వేగంతో తిప్పడం ద్వారా, సూపర్‌చార్జర్‌తో గాలిని ఒత్తి నింపడం ద్వారా పూడ్చుకోవాలని ఆయన లెక్క. సిద్ధాంతపరంగా తిరుగులేని లెక్క అది. 1927లో వెనిస్‌లో జరిగిన ష్నైడర్ ట్రోఫీ పోటీల కోసం షార్ట్ క్రూసేడర్ అనే పందెం విమానానికి తొలి మెర్క్యురీని బిగించారు. ఆ క్రూసేడర్ నంబర్ ఎన్ 226. దాని వెంటనే వచ్చే ఎన్ 227 నంబర్ మన మొదటి నాట్‌స్నాపర్‌ది. పందేనికి ముందే క్రూసేడర్ కూలిపోయింది, అయితే అది ఇంజన్ తప్పు కాదు. ఓడలో విడిభాగాలుగా తెచ్చి మళ్లీ కూర్చినప్పుడు రెక్కల అదుపు తీగలను తారుమారుగా కలిపారు.

పందెం ఇంజన్ కొన్ని నిమిషాలు ప్రాణం పెట్టి పరిగెడితే చాలు. సైనిక ఇంజన్ సముద్రం మీద, ఉప్పుగాలిలో, రోజుల తరబడి నమ్మకంగా పనిచేయాలి. ఈ రెండింటి మధ్య దూరాన్ని మెర్క్యురీ దాటడానికి చాలా ఏళ్లు పట్టింది. 1928 ఫిబ్రవరిలో నాట్‌స్నాపర్ ఎగరడానికి సిద్ధమయ్యేసరికి దాని కోసం ఉద్దేశించిన మెర్క్యురీ 2ఎ సిద్ధంగా లేదు. చేసేదిలేక 450 అశ్వశక్తి గల జూపిటర్ 7 ఇంజన్‌తో ఎగరేశారు. తర్వాత మెర్క్యురీ వచ్చింది, బిగించారు. అది నిలకడగా పనిచేయలేదు. మళ్లీ జూపిటర్‌నే తెచ్చి పెట్టి, 1929లో మార్టిల్‌షామ్ హీత్‌లోని ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి పంపారు. ఒక ఇంజన్ కొలతలకు గీసిన విమానాన్ని మరో ఇంజన్‌తో పరీక్షకు నిలబెట్టారన్నమాట. వేగం గంటకు సుమారు 165 మైళ్లు వచ్చింది. ఫ్లైక్యాచర్ కన్నా ఇది 30 మైళ్లు ఎక్కువే అయినా, ఒక తరం పాటు వాడుకోవలసిన కొత్త ఫైటర్ నుంచి మినిస్ట్రీ ఆశించిన ముందడుగు అందులో కనబడలేదు.

ఇలాంటి అనుభవం మనకు కొత్త కాదని ఈ సభలో అందరికీ తెలుసు. మన తేజస్ విమానాన్ని కావేరి ఇంజన్‌ను మనసులో పెట్టుకొని తలపెట్టారు. కావేరి అందకపోవడంతో 2001 జనవరి 4న అమెరికన్ ఎఫ్ 404 ఇంజన్‌తో అది మొదటిసారి ఎగిరింది. చివరికి 2008లో కావేరిని తేజస్ నుంచి వేరుచేశారు. తేజస్‌కు చేతికందే దూరంలో మరో మంచి ఇంజన్ దొరికింది, ఓపిక పట్టే ప్రభుత్వం దొరికింది. నాట్‌స్నాపర్‌కు ఆ రెండూ దొరకలేదు.

ఒక్క గ్లాస్టర్‌కే ఈ దెబ్బ తగిలిందనుకోవద్దు. ఎన్.21/26 బరిలో దిగిన కంపెనీలన్నీ ఏదో ఒక రూపంలో చేతులు కాల్చుకున్నాయి. హాకర్ కంపెనీలో సిడ్నీ కామ్ గీసిన హూపో కూడా మెర్క్యురీతోనే మొదలై, జాగ్వార్, పాంథర్ అంటూ ఇంజన్ మీద ఇంజన్ మార్చుకుంటూ పోయింది. ఫెయిరీ కంపెనీ ఫ్లైక్యాచర్ 2 అనే పేరుతో కొత్త విమానాన్నే తెచ్చింది. అన్నిటికన్నా భయంకరమైన అనుభవం పార్నాల్ కంపెనీ వారి పిపిట్‌ది. దాని మొదటి నమూనా 1928లో నిలువుగా కిందికి దూకుతుండగా తోక భాగం విరిగింది. పైలట్ ఎలాగో నేలకు చేర్చాడు గాని గాయపడ్డాడు. తోకను గట్టిపరచి తెచ్చిన రెండవ నమూనా 1929 ఆరంభంలో గాలిలోనే నిటారు రెక్కను, చుక్కానిని పోగొట్టుకుంది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. ఎదురుగాలి ఒక వేగం దాటగానే తోక తనంతట తాను కొట్టుకోవడం మొదలుపెట్టి, క్షణాల్లో తనను తాను చీల్చుకుంటుందన్న సంగతి ఆ రోజుల్లో ఇంజనీర్లకు ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. చివరికి పోటీలో విజేత ఎవరూ లేరు. ఫ్లైక్యాచర్ మరికొన్నేళ్లు ఓడల మీద నిలబడవలసి వచ్చింది. 1934లో గాని అది విశ్రాంతి తీసుకోలేదు.

ఈలోగా మొత్తం ఆటనే మార్చేసిన సంఘటన ఒకటి జరిగింది. 1928 జూన్‌లో, అంటే నాట్‌స్నాపర్ ఎగిరిన నాలుగు నెలలకు, కామ్ గీసిన హాకర్ హార్ట్ అనే చిన్న బాంబర్ గాలిలోకి లేచింది. దాని ముక్కున ఉన్నది రోల్స్ రాయిస్ వారి కొత్త 12 సిలిండర్ల ఇంజన్. తర్వాత దానికి కెస్ట్రెల్ అని పేరు పెట్టారు. నీటితో చల్లబడే ఇంజన్ కావడంతో సిలిండర్లను వెనకాల వెనకాల రెండు వరుసల్లో అమర్చవచ్చు, ముక్కును సన్నగా చెక్కవచ్చు. ఇద్దరు మనుషులను మోసుకుపోయే ఆ బాంబర్ 184 మైళ్ల వేగంతో వెళ్లింది. దాన్ని పట్టుకోవలసిన ఫైటర్లు దాని వెనకే ఉండిపోయాయి. ఇక నౌకాదళ ఫైటర్ మాత్రం రేడియల్ ఇంజన్‌తోనే ఉండాలని వాదించడం ఎవరికి సాధ్యం? 16/30 అనే కొత్త స్పెసిఫికేషన్ వచ్చింది; కెస్ట్రెల్ బిగించిన హాకర్ నిమ్రాడ్ దానికి ఎంపికై 1932లో సేవలో చేరింది, గంటకు 190 మైళ్లు దాటి వెళ్లింది. గ్లాస్టర్ తన నాట్‌స్నాపర్‌కు 540 అశ్వశక్తి జాగ్వార్ 8 ఇంజన్ పెట్టి రెండవ రూపం తయారుచేసింది గాని ఆర్డర్ రాలేదు.

మామూలుగా ఇలాంటి నమూనాలను ఈ దశలో ముక్కలు చేసి తుక్కుకు వేస్తారు. నాట్‌స్నాపర్‌కు మరో జన్మ దొరికింది. నాకు ఈ విమానం మీద మమకారం కలిగింది ఇక్కడే. 1931లో దానికి రోల్స్ రాయిస్ కెస్ట్రెల్ ఇంజన్‌ను, దానితోపాటు ఆవిరి శీతలీకరణ అనే కొత్త పద్ధతిని బిగించి, గాలిలో ఎగిరే ప్రయోగశాలగా మార్చారు. ఇదే నాట్‌స్నాపర్ మూడవ రూపం.

ఆవిరి శీతలీకరణ వెనక ఉన్న భౌతికశాస్త్రం మీరందరూ ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. మామూలు రేడియేటర్‌లో నీరు ఇంజన్ చుట్టూ తిరిగి, కొంత వేడెక్కి, రేడియేటర్‌కు వచ్చి చల్లబడి తిరిగి వెళుతుంది. ఒక గ్రాము నీరు 80 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే మోసుకుపోయే వేడి 20 క్యాలరీలు. అదే గ్రాము 100 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైతే, గుప్తోష్ణం రూపంలో తీసుకుపోయేది 540 క్యాలరీలు. అంటే 27 రెట్లు. కాబట్టి ఇంజన్‌లోని నీటిని మరగనిచ్చి, ఆ ఆవిరిని రెక్కల ముందు అంచు కింద దాచిన పలుచని లోహపు అరల్లోకి పంపితే, బయటి చల్లగాలికి అది మళ్లీ నీరవుతుంది. ఆ నీటిని పంపుతో ఇంజన్‌కు తిరిగి పంపవచ్చు. తక్కువ నీరు, తక్కువ బరువు. అన్నిటినీ మించి, గాలికి అడ్డంగా వేలాడే రేడియేటరే ఉండదు. రెక్క చర్మమే రేడియేటర్. కాగితం మీద ఇంతకన్నా అందమైన ఆలోచనను నేను చూడలేదు.

గాలిలో మాత్రం అది అంత అందంగా నడవలేదు. ఆవిరిని నీరుగా మార్చే ఆ రెక్క అరలనే కండెన్సర్ అంటారు; దాని నుంచి వచ్చే నీరు దాదాపు మరిగే వేడిలోనే ఉంటుంది. పంపు దాన్ని పీల్చుకునే చోట పీడనం కొద్దిగా తగ్గగానే ఆ నీరు అక్కడికక్కడే మళ్లీ మరుగుతుంది. పంపులో నీటికి బదులు ఆవిరి చేరి, పంపు తిరుగుతూనే ఉన్నా నీరు కదలదు. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి ఈ ఇబ్బంది పెరుగుతుంది. బైప్లేన్‌లో కింది రెక్క ఇంజన్ కన్నా కిందుగా ఉంటుంది. అక్కడ చేరిన నీటిని పైకి ఎక్కించడం మరో తంటా. ఫైటర్ అన్నాక పల్టీలు కొడుతుంది, తలకిందులవుతుంది. అప్పుడు ఆవిరి ఉండవలసిన చోటికి నీరు, నీరు ఉండవలసిన చోటికి ఆవిరి వచ్చి చేరతాయి. వీటన్నిటికీ తోడు, రెక్క పొడవునా పరచుకున్న కండెన్సర్ అంటే శత్రువు తూటాకు రెక్క పొడవంత గురి. ఇవన్నీ ఊహించి రాసిన అభ్యంతరాలు కావు. ఎగిరే విమానాల్లో ఒక్కొక్కటిగా ఎదురై, పరీక్షల ద్వారా తేలినవి. ఇంజన్‌ను పరీక్షా గదిలో బల్లకు బిగించి నడిపినంత కాలం వీటిలో సగం బయటపడవు. నాట్‌స్నాపర్ లాంటి విమానం గాలిలోకి తీసుకుపోతే గాని తెలియవు.

రోల్స్ రాయిస్ కెస్ట్రెల్‌నే ఆవిరి పద్ధతికి అనువుగా మార్చి గోషాక్ అనే ఇంజన్ తయారుచేసింది. దాన్ని కూడా నాట్‌స్నాపర్‌లో పెట్టి ఎగరేశారు. ఇక్కడ ఎయిర్ మినిస్ట్రీ చేసిన పని నాకు నేటికీ మింగుడుపడదు. మెర్క్యురీ విషయంలో చేతులు కాలిన తర్వాత, పరిపక్వం కాని ఇంజన్‌ను నమ్ముకొని స్పెసిఫికేషన్ రాయకూడదని తెలిసి ఉండాలి. అయినా 1931 అక్టోబర్‌లో ఎఫ్.7/30 పేరుతో నాలుగు తుపాకుల కొత్త ఫైటర్ కోసం పిలుపునిచ్చి, గోషాక్ ఇంజన్ వైపు మొగ్గు చూపింది. సూపర్‌మెరీన్ కంపెనీ రూపశిల్పి మిచెల్, వెస్ట్‌లాండ్, బ్లాక్‌బర్న్ వంటి కంపెనీలు, అందరూ గోషాక్ చుట్టూ విమానాలు కట్టారు. మిచెల్ గీసిన టైప్ 224 ఒంటి రెక్క విమానం. 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. రెక్క ముందు అంచు మొత్తం కండెన్సరే. ఇంజన్ వేడెక్కిపోతూ ఉండటంతో దానిని పూర్తి శక్తితో పైకి ఎక్కించడమే కష్టమైంది. గోషాక్ విమానాల్లో ఒక్కటి కూడా నెగ్గలేదు. ఆ ఇంజన్లు తయారైనవి 20 ప్రాంతం మాత్రమే. రోల్స్ రాయిస్ తన తర్వాతి ఇంజన్‌ను కూడా మొదట ఆవిరి పద్ధతికే ఉద్దేశించి, చివరికి దాన్ని వదిలి ఎక్కువ వేడికి తట్టుకునే గ్లైకాల్ ద్రవానికి మారింది. ఆ ఇంజన్ పేరు మెర్లిన్. స్పిట్‌ఫైర్‌లో, హరికేన్‌లో బిగించినది అదే.

మరి ఎఫ్.7/30 గెలిచిందెవరు? మళ్లీ ఫాలాండ్. నాట్‌స్నాపర్ ఎగిరిన ఏడాదికి, 1929 జనవరిలో, ఆయన భూమి మీద నుంచి ఎగిరే మరో ఫైటర్‌ను మెర్క్యురీ 2ఎ తోనే ఎగరేశారు. ఎస్.ఎస్.18 దాని పేరు. దానికీ ఆ ఇంజన్ అదే కష్టం తెచ్చిపెట్టింది. అయితే ఫాలాండ్ దాన్ని వదలలేదు. జూపిటర్‌తో, పాంథర్‌తో ఎగరేస్తూ, ఏటా కొంత మెరుగుపరుస్తూ, మెర్క్యురీ పరిపక్వమయ్యేదాకా సజీవంగా నిలబెట్టారు. ఆ ఏళ్లలో గ్లాస్టర్ పరిస్థితి దయనీయం. ఆర్డర్లు లేక, 1934లో కంపెనీయే హాకర్ చేతికి పోయింది. చివరికి 640 అశ్వశక్తి ఇచ్చే మెర్క్యురీ 6 వచ్చి కూర్చోగానే ఆ పాత విమానమే గాంట్‌లెట్ పేరుతో 1935లో వాయుసేనలో చేరింది. గాంట్‌లెట్‌కు కాళ్లు, రెక్కల కట్టు సవరించి, తుపాకులు నాలుగు చేసి ఫాలాండ్ తెచ్చిన విమానం 1934 సెప్టెంబర్ 12న ఎగిరింది. అది గ్లాడియేటర్. గోషాక్ విమానాలన్నీ కూలబడిన పోటీలో, గాలితో చల్లబడే మెర్క్యురీ ఉన్న ఈ బైప్లేన్ నిలబడింది. నాట్‌స్నాపర్‌ను దెబ్బతీసిన ఇంజన్ ఇప్పుడు 800 అశ్వశక్తి దాటి ఇస్తోంది.

నౌకాదళం మళ్లీ ఫాలాండ్ వాకిట్లోకి వచ్చింది. నిమ్రాడ్ పాతబడింది, కొత్త ఒంటి రెక్క విమానాలు ఆలస్యమవుతున్నాయి. గ్లాడియేటర్‌కు డెక్ మీది తీగను అందుకునే కొక్కెం, కాటాపుల్ట్‌తో విసరడానికి ఆనుపట్లు, పొట్ట కింద రబ్బరు పడవ దాచే తొట్టి అమర్చి సీ గ్లాడియేటర్‌గా మార్చారు. ఉన్నవాటిని మార్చినవి 38, కొత్తగా కట్టినవి 60, మొత్తం 98. 1940 జూన్ 11న ఇటలీ బాంబర్లు మాల్టా ద్వీపం మీదికి వచ్చినప్పుడు వాటికి ఎదురెళ్లినవి ఓడల కోసం నిల్వ ఉంచిన కొద్దిపాటి సీ గ్లాడియేటర్లే. ఫెయిత్, హోప్, చారిటీ అని వాటికి వచ్చిన పేర్లు మీలో కొందరు విని ఉంటారు. వాటిలో ఒకదాని దేహం మాల్టా యుద్ధ మ్యూజియంలో నేటికీ ఉంది. అదే వేసవిలో మధ్యధరా సముద్రంలో ఈగిల్ నౌక మీద నుంచి కూడా సీ గ్లాడియేటర్లు పోరాడాయి. 1926లో కొత్త ఫైటర్ కోసం ఎదురుచూసిన నౌకల్లో ఈగిల్ ఒకటని మొదట్లో చెప్పాను. ఫాలాండ్, మెర్క్యురీ కలిసి చేసిన నౌకాదళ ఫైటర్ ఆ డెక్ మీదికి చేరడానికి అంత కాలం పట్టింది.

ప్రసంగం ముగిశాక ఇద్దరు విద్యార్థులు ప్రశ్నలు అడిగారు. జవాబులు కింద ఇస్తున్నాము.

ఒంటి రెక్క విమానాలు అప్పటికే ఉండగా నౌకాదళం బైప్లేన్‌ను ఎందుకు పట్టుకొని వేలాడిందన్నది మొదటి ప్రశ్న.

దిగే వేగమే అసలు కారణం అమ్మా. రెక్క వైశాల్యం సగానికి తగ్గితే, అదే బరువుకు దిగే వేగం దాదాపు 1.4 రెట్లవుతుంది. అడ్డుతీగలు లేని డెక్ మీద అది పైలట్ ప్రాణానికి సంబంధించిన విషయం. రెక్క వెనక అంచున పెద్ద పలకలు, డెక్ మీద నమ్మదగిన అడ్డుతీగలు, రెండూ వచ్చాకే ఒంటి రెక్క ఫైటర్ ఓడ మీదికి రాగలిగింది.

మెర్క్యురీ సకాలంలో వచ్చి ఉంటే నాట్‌స్నాపర్ గెలిచేదా అన్నది రెండవ ప్రశ్న.

దీనికి స్థూలంగా ఒక లెక్క వేయవచ్చు బాబూ. గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 450 అశ్వశక్తితో 165 మైళ్లు వచ్చిందనుకుందాం. మెర్క్యురీ 540 ఇచ్చి ఉంటే శక్తి 1.2 రెట్లు, దాని ఘనమూలం సుమారు 1.06, వేగం 175 మైళ్ల దరిదాపుల్లో ఉండేది. ఇంజన్ ముఖం చిన్నది కావడం వల్ల మరికొన్ని మైళ్లు కలపండి. 1928లో ఆ వేగం నౌకాదళాన్ని ఒప్పించడానికి సరిపోయేదని నా నమ్మకం. అప్పటికి హార్ట్ ఇంకా అందరి కళ్లూ తెరిపించలేదు. నాలుగేళ్ల తర్వాత నిమ్రాడ్ 190 దాటి వచ్చేసరికి మాత్రం అది పక్కకు తప్పుకోవలసిందే. అంటే ఫ్లైక్యాచర్‌కూ నిమ్రాడ్‌కూ నడుమ మూడు నాలుగేళ్ల సేవ, బహుశా కొన్ని పదుల విమానాల ఆర్డర్ దాని వంతుకు వచ్చేవి. ఆర్డర్లు లేక అల్లాడుతున్న గ్లాస్టర్‌కు అది చిన్న విషయం కాదు. 1934లో కంపెనీ చేతులు మారకుండా ఆగేదేమో కూడా. అంతకు మించి నేను ఊహించను.